ఉత్తరాంధ్రలో థైరాయిడ్ వైద్యం: ఉప్పు నుంచి మాత్ర దాకా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనూ, 2022 ఏప్రిల్‌లో వాటి నుంచి విడివడిన పార్వతీపురం మన్యంలోనూ హార్మోన్ జబ్బులనగానే వినిపించే పేర్లు రెండు: సుగరు, థైరాయిడు. సుగరు వైద్యం ఇక్కడా దేశమంతటిలాగే నడిచింది. థైరాయిడుకు మాత్రం ఈ నేలతో ప్రత్యేక బంధం ఉంది. దాని నివారణకు దేశం ఎంచుకున్న మందు ఉప్పు. అది పనిచేస్తుందని నిరూపించినవారిలో ముఖ్యుడు శ్రీకాకుళంలో పుట్టినవాడు.

మెడ ముందుభాగంలోని థైరాయిడ్ గ్రంథికి హార్మోను తయారీలో అయోడిన్ కావాలి. పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు 250 అవసరం. అది చాలకపోతే గ్రంథి ఉబ్బి గొంతువాపు వస్తుంది. కడుపులోని బిడ్డకు అందకపోతే ఆ నష్టం మెదడు మీద పడుతుంది, ఆ తర్వాత సరిదిద్దడం కష్టం. కొండవాలు నేలలోని అయోడిన్‌ను వానలు కడిగేస్తాయి కాబట్టి ఈ లోపాన్ని చాలాకాలం కొండప్రాంతాల జబ్బుగానే చూశారు. కడలి ఒడ్డున ఉన్నవారికి ఈ లోటేమిటన్న సందేహం సహజమే. కానీ అయోడిన్ సముద్రపు చేపల్లో ఉంటుంది తప్ప, శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పుమడుల్లో ఎండకు పేరుకున్న గళ్లుప్పులో దాదాపు ఉండదు. ఉప్పు పండించే ఊరికీ అయోడిన్ కలిపిన ఉప్పే కావాలి.

వులిమిరి రామలింగస్వామి 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో జన్మించారు. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి, వ్యాధి విజ్ఞాన (పాథాలజీ) శాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్నారు. 1956లో హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో ఆయనా, సహచరులూ మొదలుపెట్టిన అధ్యయనం చాలా సాదాసీదాది. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు పంపారు. కొన్నేళ్లకు అయోడిన్ అందిన చోట్ల బడిపిల్లల్లో గొంతువాపు సుమారు సగానికి పడిపోయింది, మూడోచోట పెద్దగా తగ్గలేదు. తర్వాత అక్కడికీ అదే ఉప్పు పంపితే అక్కడా తగ్గింది. ప్రధానంగా మెడ తడిమి చూసి తేల్చిన విషయమిది. భారత ప్రజారోగ్య చరిత్రలో ఇంత తేటగా ఫలితమిచ్చిన ప్రయోగాలు అరుదు. రామలింగస్వామి ఆ తర్వాత అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకూ, భారత వైద్య పరిశోధన మండలికీ సారథ్యం వహించారు, 2001లో కన్నుమూశారు.

కేంద్రం 1962లో జాతీయ గొంతువాపు నియంత్రణ పథకం ప్రారంభించింది. మొదట్లో దృష్టి అంతా హిమాలయాల వైపే. దేశమంతటికీ అయోడిన్ ఉప్పే అందాలన్న నిర్ణయం 1980లలో వచ్చింది. 1992లో పథకం పేరు అయోడిన్ లోప రుగ్మతల నియంత్రణగా మారింది. అయోడిన్ లేని ఉప్పును తిండికి అమ్మడంపై పెట్టిన నిషేధాన్ని 2000లో ఎత్తివేసి, 2006లో మళ్లీ తెచ్చారు. ఆ ఆరేళ్ల ఊగిసలాటను సమర్థించడం కష్టం. కొనేవాడి చేతికొచ్చేసరికి ఉప్పులో కనీసం 15 పీపీఎం (పది లక్షల్లో 15 భాగాలు) అయోడిన్ ఉండాలన్నది ప్రమాణం. కొండ మీది గూడెంలో ఆరోగ్య కార్యకర్త ఉప్పుపై ఒక చుక్క పరీక్ష ద్రావణం వేస్తే చాలు, అయోడిన్ ఉంటే నీలంగా మారుతుంది.

గొంతువాపు వెనక్కి తగ్గాక ముందుకొచ్చింది వేరే రకం. శరీర రక్షణ వ్యవస్థే గ్రంథిని దెబ్బతీసే ఈ హైపోథైరాయిడిజం (హార్మోను చాలినంత తయారుకాకపోవడం) ఆడవాళ్లలో ఎక్కువ. దీన్ని ఉప్పు ఆపలేదు. నీరసం, మలబద్ధకం, బరువు పెరగడం, నెలసరి తేడాలు కనిపిస్తాయి గనుక రక్తహీనతేనని పొరబడడం తేలిక. రక్తంలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోను) చూస్తేనే తేలుతుంది. మందు లెవోథైరాక్సిన్ మాత్ర. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కనీసం అరగంట ఆగి టిఫిన్ తినాలి. మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ పరీక్ష చేయాలి. ఒంట్లో బాగుందని మాత్ర మానేస్తే జబ్బు తిరిగొస్తుంది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తరచూ దాటిపోయే సంగతి ఒకటుంది. గర్భిణులకు అక్కడే ఐరన్, కాల్షియం బిళ్లలు ఇస్తారు. వాటిని థైరాయిడ్ మాత్రతో కలిపి మింగితే మాత్ర సరిగా ఒంటికి పట్టదు, నాలుగు గంటల ఎడం ఉండాలి. పైగా గర్భం దాల్చగానే మాత్ర అవసరం సుమారు పావు వంతు పెరుగుతుంది. అందుకే అప్పటికే మాత్ర వాడుతున్న స్త్రీ నెల తప్పిందని తెలిసిన వెంటనే టీఎస్‌హెచ్ చూపించుకోవాలి.