విపత్తు వేళ పసిబిడ్డలకు పొత్తిగుడ్డలు, డైపర్లు: వడ్డాది, చోడవరం ప్రాంతం

తుపాను, వరద, అగ్నిప్రమాదం వంటి విపత్తుల్లో ఇల్లు విడిచి వచ్చిన పేద కుటుంబాల పసిబిడ్డలకు పొత్తిగుడ్డలు, నేపీలు, డైపర్లు అందించడం సహాయ చర్యల్లో చాలా ఆలస్యంగా గుర్తింపు పొందిన అవసరం. ఆంధ్రప్రదేశ్ తీరంలో తుపాను సహాయానికి దశాబ్దాల చరిత్ర ఉంది. బియ్యం, పప్పు, నూనె, కిరసనాయిలు, దుప్పట్లు ఆ చరిత్ర పొడవునా కనిపిస్తాయి. చంటిబిడ్డ తడిపిన గుడ్డ మార్చడానికి మరో గుడ్డ మాత్రం ప్రభుత్వం ప్రకటించే సరుకుల జాబితాలోకి ఎక్కలేదు. దాతలు, స్వచ్ఛంద సంస్థలు, ఇరుగుపొరుగు ఇచ్చినదే ఆధారం.

వడ్డాది అనకాపల్లి జిల్లా బుచ్చెయ్యపేట మండలంలోని గ్రామం. చోడవరం మీదుగా సాగే భీమునిపట్నం–నర్సీపట్నం రోడ్డు మీద, పెద్దేరు నది పక్కన ఉంది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడే దాకా విశాఖపట్నం జిల్లాలోది. శాసనసభకు చోడవరం నియోజకవర్గం కిందికి వస్తుంది. మధ్యయుగంలో ఒడ్డాది మత్స్య వంశీయుల రాజధానిగా శాసనాలకెక్కిన ఊరు ఇదే. ఆ వంశానికి చెందిన అర్జునుడి దిబ్బిడ తామ్రశాసనం 1269 నాటిది. నేడు చుట్టుపక్కల ప్రధాన పంటలు చెరకు, వరి. పెద్దేరు, బొడ్డేరు, తాచేరు వంటి ఏర్లు శారదా నదిలో కలుస్తాయి. ఎగువన కొండల్లో భారీ వానలు పడి జలాశయాల గేట్లు ఎత్తితే ఈ ఏర్లు ఒక్కసారిగా పొంగుతాయి. వడ్డాది లాంటి లోపలి ఊళ్లకు సముద్రపు ఉప్పెన భయం లేదు. గాలి, వాన, ఏరు, తెగిన రోడ్డు, పోయిన కరెంటు ఇక్కడి విపత్తులు. తీరం వెంబడి కట్టిన తుపాను ఆశ్రయ భవనాలు ఈ మెట్ట మండలాల్లో ఉండవు. బడి గదులో కల్యాణ మండపమో అప్పటికప్పుడు పునరావాస కేంద్రమవుతుంది.

పాత పద్ధతి

ఈ ప్రాంతంలో పసిబిడ్డకు వాడేది ప్రధానంగా పాత నూలు గుడ్డే. అమ్మమ్మ చీరో తాతయ్య పంచెనో చింపి, ఉతికి, ఎండలో ఆరవేసి పురిటికి ముందే దొంతర పెట్టుకుంటారు. ఎన్నోసార్లు ఉతికిన నూలు మెత్తబడి తడిని బాగా పీలుస్తుంది, బిడ్డ తొడలు ఒరుసుకోకుండా చూస్తుంది. నెలల బిడ్డకు రోజుకు పది, పన్నెండు గుడ్డలు సులువుగా పడతాయి. ముసురు పట్టిన రోజుల్లో ఎండ ఉండదు కనుక కుంపట్లో నిప్పులు వేసి, దానిమీద వెదురు గంప బోర్లించి, గంప మీద గుడ్డలు పరిచి ఆరబెడతారు. కొంచెం సాంబ్రాణి వేస్తే వాసన కూడా పోతుంది.

ఈ పద్ధతి పనిచేయాలంటే నాలుగు కావాలి: నూలు గుడ్డ, నీళ్లు, సబ్బు, ఆరబెట్టుకునే చోటు. తుపాను ఈ నాలుగింటినీ ఒకేసారి తీసుకుపోతుంది. పైకప్పు లేచిపోతే ఇంట్లో గుడ్డలన్నీ తడుస్తాయి. కరెంటు పోతే మోటారు తిరగదు, కుళాయి రాదు. వచ్చిన కాసిని మంచినీళ్లు తాగడానికి, వంటకు సరిపోవు, ఇక గుడ్డలు ఉతకడానికి ఎక్కడివి? యాభై కుటుంబాలున్న బడి గదిలో కుంపటి వెలిగించే వీలుండదు. మరో మార్పు కూడా నెమ్మదిగా వచ్చింది. పేద ఇళ్లలో నూలు చీరల స్థానాన్ని పాలిస్టర్ చీరలు ఆక్రమించాయి. అవి ఎంత పాతబడినా తడి పీల్చవు. అంటే మామూలు రోజుల్లోనే పొత్తిగుడ్డలకు పనికొచ్చే బట్ట ఇంట్లో తగ్గిపోయింది.

తొలి సహాయ చర్యలు

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా చనిపోయారు. రాష్ట్రమంతా కదిలింది. ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి విరాళాలు సేకరించారు. ఊరూరా పాత బట్టల మూటలు లారీలకెక్కాయి. ఆ కాలపు సహాయంలో పసిబిడ్డకు వేరే లెక్క లేదు. మూటలో మెత్తని నూలు చీర దొరికితే అదే పొత్తిగుడ్డ. 1990 మే, 1996 నవంబరు తుపానుల్లోనూ జరిగింది దాదాపు ఇదే.

పాత బట్టల దానానికి ఉన్న పరిమితి 2004 డిసెంబరు సునామీ తర్వాత దేశానికి బాగా తెలిసివచ్చింది. తమిళనాడు తీరంలో రోడ్ల పక్కన బట్టల గుట్టలు పడి ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం అక్కడివారికి పనికిరానివే. 1999లో అన్షు గుప్తా స్థాపించిన గూంజ్ సంస్థ ఆ బట్టను ఏరి, ఉతికి, కోసి స్త్రీలకు నెలసరి గుడ్డలుగా తయారు చేసే పని చేపట్టింది. గుప్తాకు 2015లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. పొత్తిగుడ్డల విషయానికి ఆ పని ఒక దారి చూపింది. ఇచ్చే గుడ్డ ఎవరికి, ఏ అవసరానికి అన్నది ముందే తేల్చుకుని, దానికి తగ్గట్టు సిద్ధం చేసి ఇవ్వాలి. మూట విప్పి ఎంచుకోమనడం సహాయం కాదు.

హుద్‌హుద్, 2014

2014 అక్టోబరు 12 ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 180 కిలోమీటర్లు దాటింది. చోడవరం ప్రాంతంలో చెరకు నేలకొరిగింది, చెట్లు, కరెంటు స్తంభాలు కూలాయి, రేకుల కప్పులు ఎగిరిపోయాయి. ప్రధాని రెండు రోజుల తర్వాత విశాఖ వచ్చి వెయ్యి కోట్ల రూపాయల తక్షణ సాయం ప్రకటించారు. రాష్ట్ర ప్రభుత్వం బాధిత కుటుంబానికి 25 కిలోల బియ్యం, మత్స్యకారులకు, చేనేత కార్మికులకు 50 కిలోలు, వాటితో పాటు పామాయిల్, కందిపప్పు, పంచదార, కిరసనాయిలు, ఉప్పు, కారం, ఉల్లిపాయలు, బంగాళదుంపలు ఇచ్చింది.

ఆ జాబితా వెనుక మంచి ఆలోచనే ఉంది. పొయ్యి వెలిగించుకోవడానికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. ఇంట్లో ఆరు నెలల బిడ్డ ఉందా, మంచం దిగలేని ముసలాయన ఉన్నాడా అన్న ప్రశ్న మాత్రం లేదు. కుటుంబం అంటే వండుకు తినేవాళ్ల లెక్కే. వంటింటిని దృష్టిలో పెట్టుకుని రాసిన ఈ జాబితా ఆ తర్వాతా పెద్దగా మారలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు కుటుంబానికి 25 కిలోల బియ్యంతో పాటు కందిపప్పు, పంచదార, పామాయిల్, ఉల్లి, బంగాళదుంప ఇచ్చారు. మునిగిన కాలనీల్లోకి డ్రోన్లతో ఆహారం, నీళ్ల సీసాలు పంపడం అక్కడ కొత్త విషయం. సరుకు చేర్చే దారి మారింది గానీ సరుకుల జాబితా మారలేదు.

నిబంధనల్లో పసిబిడ్డ

విపత్తు నిర్వహణ చట్టం 2005లో వచ్చింది. దాని 12వ సెక్షన్ ప్రకారం సహాయానికి కనీస ప్రమాణాలను సిఫారసు చేయాల్సిన బాధ్యత జాతీయ విపత్తు నిర్వహణ సంస్థది. ఆ ప్రమాణాలు 2016లో వెలువడ్డాయి. మనిషికి రోజుకు మూడు లీటర్ల తాగునీరు, ముప్పై మందికి ఒక మరుగుదొడ్డి, పిల్లలకూ బాలింతలకూ పాలు, స్త్రీలకు శానిటరీ నేప్‌కిన్లతో కూడిన కిట్ అందులో ఉన్నాయి. నెలసరి అవసరం ప్రభుత్వ పత్రంలోకి రావడం చిన్న విషయం కాదు. దానికోసం మాట్లాడిన స్త్రీలకు దక్కిన విజయం అది. పసిబిడ్డ నేపీకి అలాంటి పద్దు విడిగా లేదు.

ప్రపంచంలో ఈ లెక్క ముందే వేశారు. సహాయ సంస్థలు కలిసి 1997లో ప్రారంభించిన స్ఫియర్ ప్రాజెక్టు తన 2004 నాటి చేతిపుస్తకంలో, అలవాటు ఉన్న చోట్ల రెండేళ్లలోపు బిడ్డకు ఉతుక్కునే నేపీలో డైపర్లో 12 ఇవ్వాలని రాసింది. అలవాటు ఉన్న చోట్ల అన్న షరతు ముఖ్యమైనది. ఊరివాళ్లు వాడని వస్తువు పంచితే అది మూలన పడుతుంది.

డబ్బు లెక్క చూస్తే ఇబ్బంది ఇంకా తేటగా కనిపిస్తుంది. 2015–20 కాలపు రాష్ట్ర విపత్తు స్పందన నిధి నిబంధనల ప్రకారం శిబిరంలో లేని బాధితుల్లో పెద్దవారికి రోజుకు 60 రూపాయలు, పిల్లలకు 45 రూపాయలు. పల్లె కిరాణా కొట్టులో విడిగా అమ్మే డైపరు పది రూపాయలకు కొంచెం అటూ ఇటూ. రోజుకు అయిదు వాడితే తిండికని ఇచ్చిన 45 రూపాయలు దానికే చాలవు. ఇల్లు కొట్టుకుపోయిన, పూర్తిగా కూలిన కుటుంబానికి బట్టల కింద ఇచ్చే మొత్తం ఆ నిబంధనల్లో 1,800 రూపాయలు, 2022–26 నిబంధనల్లో 2,500. అది ఇంటిల్లిపాదికీ కలిపి. పైగా నష్టం లెక్కలు రాసి, ఆమోదం వచ్చి, ఖాతాలో పడేసరికి రోజులు గడుస్తాయి. బిడ్డకు గుడ్డ మార్చాల్సింది మొదటి రాత్రే.

డైపరు రాక

పారవేసే డైపరు అమెరికా, ఐరోపాల్లో పుట్టింది. మారియన్ డొనొవన్ నీరు బయటికి రాని నేపీ కవరు రూపొందించి 1951లో పేటెంటు పొందింది. ప్రాక్టర్ అండ్ గాంబుల్ సంస్థ 1961లో పాంపర్స్‌ను మార్కెట్లోకి తెచ్చింది. 1980లలో తడిని పీల్చి జిగురుగా మార్చే పాలిమర్ పొడి చేరాక డైపరు పలచబడి, రాత్రంతా నిలిచేలా తయారైంది. భారతదేశంలో హగ్గీస్ 1990లలో వచ్చింది, ఆ తర్వాతి దశాబ్దంలో పాంపర్స్, మామీపోకో విస్తరించాయి. ఒక్కొక్కటిగా అమ్మే చిన్న ప్యాకెట్లు వచ్చాకే అది కూలి కుటుంబాలకు అందింది. ప్రయాణానికి, ఆసుపత్రికి, రాత్రి నిద్రకు డైపరు, మిగతా వేళ గుడ్డ. పల్లెల్లో చాలా ఇళ్లలో ఇప్పటి వాడుక ఇది. పునరావాస కేంద్రంలో గడిపే రోజులు ఆసుపత్రి రోజుల లాంటివే.

పేద కుటుంబాలకు డైపర్లు ఇవ్వడమే పనిగా పెట్టుకున్న డైపరు బ్యాంకులు అమెరికాలో 1990ల నుంచి ఉన్నాయి. వాటిని కలిపే జాతీయ సమాఖ్య 2011లో ఏర్పడింది. 2017 ఆగస్టులో హార్వీ తుపాను టెక్సాస్‌ను ముంచినప్పుడు శాన్ ఆంటోనియోలోని టెక్సాస్ డైపర్ బ్యాంకు పిలుపు దేశమంతా పాకి, విరాళాలు వెల్లువెత్తాయి. అంత సంపన్న దేశంలోనూ సర్కారీ సహాయం డైపరును మరిచిందని అప్పుడే చాలామందికి తెలిసింది. మన పక్కన 2015 డిసెంబరు చెన్నై వరదల్లో, 2018 ఆగస్టు కేరళ వరదల్లో స్వచ్ఛంద సేకరణ కేంద్రాలు కావలసిన వస్తువుల్లో శానిటరీ నేప్‌కిన్లతో పాటు పిల్లల డైపర్లనూ ప్రత్యేకంగా రాశాయి. అంటే ఇక్కడ ఆ అవసరాన్ని ముందుగా గుర్తించింది ప్రభుత్వ పత్రాలు కాదు, మైదానంలో దిగి పనిచేసిన యువత.

ఆరోగ్యం, చెత్త

తడి గుడ్డతో గంటల తరబడి ఉన్న బిడ్డకు చర్మం ఎర్రబడి, ఒరిసి, పుండు పడుతుంది. పసిబిడ్డ మలం ప్రమాదం లేనిదన్న నమ్మకం పల్లెల్లో ఇంకా ఉంది. నిజానికి విరేచనాల క్రిములు అందులోనూ ఉంటాయి. ఇరుకు గదిలో, చేతులు కడుక్కోవడానికి నీళ్లు లేని చోట అవి ఒకరి నుంచి ఇంకొకరికి త్వరగా పాకుతాయి. ఇక్కడే ఒక తేడా గమనించాలి. పాలపొడి డబ్బాలు దానం చేయడం ఇలాంటి వేళ కీడు చేస్తుంది. కలుషితమైన నీళ్లతో కలిపిన పాలు బిడ్డను చంపగలవు, తల్లిపాలు మాన్పిస్తాయి. శిశువుల పాల ప్రత్యామ్నాయాల చట్టం 1992లోనే ఆ పంపిణీని కట్టడి చేసింది. దాతలు పాలపొడి మీద పెట్టే డబ్బు నేపీల మీద పెడితే బిడ్డకు మేలు జరుగుతుంది.

డైపరుకు ఉన్న పెద్ద లోపం చెత్త. ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడిన డైపరు శానిటరీ వ్యర్థం. దాన్ని విడిగా చుట్టి ఇవ్వాలి. పునరావాస కేంద్రంలో దానికి మూత ఉన్న డబ్బా, రోజూ తీసుకుపోయే మనిషి లేకపోతే అది కాలువలో పడుతుంది. వడ్డాది కాలువలో పడ్డది పెద్దేరులోకి, అక్కడి నుంచి శారదలోకి, అనకాపల్లి దాకా పోతుంది. అందువల్ల నీళ్లు లేని మొదటి మూడు, నాలుగు రోజులకు డైపరు, నీళ్లు వచ్చాక ఉతుక్కునే నేపీ అన్న మిశ్రమ పద్ధతి ఈ ప్రాంతానికి సరిపోతుంది. మంచాన పడ్డ వృద్ధులకు వాడే పెద్ద డైపర్లకూ ఇదే వర్తిస్తుంది.

ఇటీవలి పరిణామాలు

ప్రసవించిన తల్లులకు కిట్లు ఇచ్చే పథకాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో ఎన్టీఆర్ బేబీ కిట్, తెలంగాణలో 2017 జూన్‌లో 16 రకాల వస్తువులతో కేసీఆర్ కిట్ మొదలయ్యాయి. మధ్యలో ఆగిన ఎన్టీఆర్ బేబీ కిట్‌ను పునరుద్ధరించాలని 2025లో నిర్ణయించినప్పుడు దోమతెర పరుపు, నీరు ఇంకని షీటు, తువ్వాలుతో పాటు ఉతుక్కునే నేపీలు కూడా జాబితాలో చేర్చారు. శానిటరీ నేప్‌కిన్ల మీద జీఎస్టీని 2018 జూలైలో పూర్తిగా ఎత్తేశారు. పిల్లల నేప్‌కిన్లు, డైపర్ల మీద 12 శాతంగా ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గింది.

విపత్తు వేళ నేపీలు అందించడానికి కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. నేపీలున్న కిట్‌ను ప్రభుత్వం ఇప్పటికే రూపొందించింది. ఊళ్లో రెండేళ్లలోపు పిల్లలు ఎందరో, ఏ వీధిలో ఉన్నారో అంగన్‌వాడీ రిజిస్టరులో ఉంటుంది. ఓడరేవుల్లో మూడో నంబరు హెచ్చరిక ఎగరేయక ముందే, అక్టోబరు, నవంబరు తుపానుల కాలానికి ముందే, మండలానికి సరిపడా నేపీలు, కొన్ని డైపర్లు, సబ్బులు, మూత డబ్బాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నిల్వ చేసి, పునరావాస కేంద్రం తెరిచిన మొదటి గంటలో తల్లుల చేతికి అందేలా అనకాపల్లి జిల్లా యంత్రాంగం తుపాను ప్రణాళికలో ఒక పద్దు చేర్చాలి.