చేపయు మంచుగడ్డయు

మన సభ్యులలో జియా సరాయి ఎఱుగనివారు తక్కువగా నుందురు. ఒకప్రక్క ఐ.ఐ.టి. ప్రహరీ, రెండవప్రక్క ఇరుకు సందులు, ఒకదానిపై నొకటిగా లేచిన గదులు, వానినిండ పోటీపరీక్షలకు చదువుకొను పిల్లలు. సరాయి యనగా బాటసారుల విడిది. ఆ యూరు నేటికిని తన పేరు నిలుపుకొనియే యున్నది. నేనును అచ్చట కొన్నియేండ్లు అద్దెకుంటిని. ఈ వ్యాసమునకు మూలమైన సంగతి అక్కడనే జరిగినది.

ఒక శ్రావణమాసమున మా అక్కగారు రాజమహేంద్రవరమునుండి పులస ముక్కలను థర్మకోలు పెట్టెలో ఐసు వేసి, ఢిల్లీకి వచ్చు బంధువుచేత పంపిరి. బావగారు ఆఫీసు పనిమీద త్వరలో రానున్నారు గనుక, వారితో కూర్చుండి తినవలెనని సగము ముక్కలను పలుచని పాలిథీను సంచిలో వేసి ఫ్రీజరులో దాచితిని. బావగారి పర్యటన వాయిదాపడుచు వచ్చి రెండు నెలలు గడచినవి. తుదకు సంచి విప్పిచూతును గదా, ముక్కల అంచులు దూదివలె తెల్లబారి, బెరడువలె ఎండియున్నవి. పులుసు కాచినను ముక్కిన నూనె వాసన పోలేదు. బావగారు ముక్కను ప్రక్కకు నెట్టి, “ఇది కుళ్ళలేదోయి, కాలిపోయినది” అనిరి.

మంచులో కాలుట యేమని ఆనాడు నవ్వుకొంటిని. తరువాత తెలిసినది, ఆ మాట అక్షరాల నిజమని. ఫ్రీజర్ బర్న్ అని దీనికి లోకమంతట పేరు. పళ్ళెములోని కర్పూరము కరగకుండగనే గాలిలో కలిసిపోవును గదా. గడ్డకట్టిన చేపలోని మంచుకూడ అట్లే నీరు కాకుండ నేరుగా ఆవిరియై పోవును. శాస్త్రజ్ఞులు దీనిని ఉత్పతన మందురు. ఆ ఆవిరి పోయి ఫ్రీజరు గోడలపై నూగుమంచుగా పేరుకొనును. తేమ విడిచిన చోట కండ గుల్లబారును. ఆ గుల్లలలోనికి గాలి చొరబడి కొవ్వును ముక్కజేయును. పులస కొవ్వుగల చేప గనుక దానికి హాని మరింత త్వరగా కలుగును. ఢిల్లీ చలికాలమున పెదవులు పగుల్చు పొడిగాలి నెఱిగిన మనకు దీనిని వేరుగ వివరింప బనిలేదు. కావున చేపను కాల్చునది చలి కాదు, గాలి. మానవుడీ సంగతి గ్రహించుటకు చాలకాలము పట్టినది.

మన దేశమున మంచుగడ్డ మొదట రాజభోగము. అక్బరు కొలువులో సురేకారముతో నీటిని చల్లార్చెడివారనియు, 1586 నుండి ఉత్తరపు కొండల మంచు లాహోరునకు వచ్చెడిదనియు ఐనీ అక్బరీ చెప్పుచున్నది. చలికాలపు రాత్రులయందు వెడల్పైన మట్టిమూకుళ్ళలో నీరుపోసి ఆరుబయట నుంచి, తెల్లవారుజామున పలుచని మంచుపలకలు తీయుట గంగాతీరమున వాడుక. అలహాబాదున తాను చూచిన ఈ పద్ధతిని సర్ రాబర్టు బార్కరు 1775లో ప్రకటించెను. పిమ్మట వచ్చినది అమెరికా మంచు. 1833లో బోస్టనునుండి టస్కనీ అను ఓడ 180 టన్నుల మంచుతో బయలుదేరి, నాలుగు నెలలు సముద్రముపై నడచి, దాదాపు 100 టన్నులు మిగిల్చి కలకత్తా చేర్చినది. ఆ మంచు మిగులుటకు కారణము దానిచుట్టు గాలి యాడకుండ కూరిన ఎండిన బెరడుపొట్టు. చెన్నపట్టణమున 1842లో కట్టిన ఐస్‌హౌసు ఆ వర్తకమునదే. 1897లో వివేకానందస్వామి విడిసిన భవన మదియే.

అయితే ఆ మంచు చేపను తాకలేదు. దొరల గ్లాసులలో కరగినది. ఐస్‌హౌసు ఎదుటి సముద్రతీరమున చేపకు దిక్కు ఉప్పే. పందొమ్మిదవ శతాబ్ది చివరి పాదమున మద్రాసు రాజధాని తీరమంతట దొరతనమువారు చేపల ఉప్పుకొటారులు పెట్టి, చౌకధరకు ఉప్పు నిచ్చిరి. ఉప్పుచేప రుచి నేను కాదనను. కాని బెస్తవారి కష్టమును ఆ రుచి తీర్చలేదు. పడవ గట్టునకు వచ్చినప్పుడు చేపకు ధర, ప్రొద్దుక్రుంకువేళకు ధర సగము, మరునాటికి ఉప్పుకుండ. ఐసు గలవాడు ధర చెప్పును, లేనివాడు ధర వినును. చేపను నిలువచేయుట కేవలము వంటయింటి సంగతి కాదని నేను చెప్పుట ఇందువలననే.

ఇతర దేశములలో ఈలోగా కొన్ని అడుగులు పడినవి. చైనా బెస్తలు పడవలలో మంచు తీసుకొనిపోవుదురని డాల్రింపులు అను సముద్రపటకర్తవలన విని, 1786లో జార్జి డెంస్టరు స్కాట్లండు సాల్మను చేపలను మంచులో పెట్టించి లండనునకు పంపించెను. అది చల్లార్చుటయే గాని గడ్డకట్టించుట కాదు. 1861లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రమువాడు ఈనకు పైపరు ఐసు, ఉప్పు కలిపిన మిశ్రమముతో చేపను గడ్డకట్టించుటకు పేటెంటు పొందెను. నా దృష్టిలో అతని గొప్ప గడ్డకట్టించుటలో లేదు; గట్టిపడిన చేపను నీట ముంచి తీసి, దానిపై మంచుపొర తొడుగుటలో నున్నది. ఇక గాలి త్రాగవలసినది ఆ పొరనే గాని చేపకండను కాదు.

మిగిలిన సగము క్లారెన్సు బర్డ్స్ఐ పూర్తిచేసెను. 1912లో లాబ్రడారు వెళ్ళినవాడై, అచ్చటి ఎస్కిమోలు పట్టిన చేప ఘోరమైన చలిగాలిలో చూచుచుండగనే బిగిసిపోవుటయు, నెలల తరువాత వండినను తాజాగా నుండుటయు కనుగొనెను. నెమ్మదిగా గడ్డకట్టినచో మంచుస్ఫటికములు పెద్దవై కండకణములను చీల్చును. కరగినప్పుడు రసమంతయు కారిపోవును. వేగముగా గడ్డకట్టినచో స్ఫటికములు సన్ననివై కణములు చెడవు. ఈ సూత్రముతో అతడు పొట్లమున మూసిన చేపను అతిశీతలమైన రెండు లోహపు పలకలనడుమ నొక్కి గడ్డకట్టించెను. ఆ పొట్లములు 1930 మార్చిలో స్ప్రింగ్‌ఫీల్డు పట్టణపు అంగళ్ళకు వచ్చినవి.

మనదేశమున గడ్డకట్టించిన రొయ్యలు 1953లో కొచ్చినునుండి అమెరికాకు ఎగుమతియైనవి. 1957లో అచ్చటనే కేంద్ర మత్స్యసాంకేతిక పరిశోధనాసంస్థ వెలసినది. విశాఖపట్టణమునందు దానికొక కేంద్రమున్నది. విశాఖ, కాకినాడ కార్ఖానాలలో రొయ్యలను పళ్ళెములలో నీరుపోసి దిమ్మలుగా గట్టించుట పైపరు పొరయు, బర్డ్స్ఐ పలకలును కలిసిన పనియే. కొల్లేటి చెరువుల శీలావతి, బొచ్చె మాత్రము గడ్డకట్టవు. ఐసుముక్కలనడుమ లారీలలో హౌరాకు పోవును. ఐదారు దినములలో తినవలసిన చేపకు ఐసు చాలును. నెలలు నిలువవలసినదానికి గడ్డకట్టక తప్పదు. ఈ భేదము తెలియక చాలమంది ఇండ్లలో రెంటినిజెడి కూర్చుందురు.

మన వంటయింటి ఫ్రీజరు −18 డిగ్రీల నిలుపగలదు గాని, కార్ఖానా వేగము దానికి లేదు. కావున చేప చేతికి రాగానే కడిగి, తడి తుడిచి, ముక్కలను ఒకదానిపై నొకటి పడవేయక పళ్ళెమున ఎడముగా పరచవలెను. గట్టిపడిన తరువాత మంచునీట ముంచి తీసి మరల లోన పెట్టవలెను. ఇట్లు రెండు మూడు తడవలు చేసినచో అద్దమువంటి పొర ఏర్పడును. ఆపై గాలి లేకుండ బిగించి, పైన తేదీ వ్రాయవలెను. రొయ్యలైనచో డబ్బాలో నీట మునుగునట్లు పోసి గడ్డకట్టించుట మేలు. ఎంత చేసినను పులసవంటి కొవ్వుచేపను రెండుమూడు నెలలకు మించి ఉంచుట మూర్ఖత్వము.

నిరుడు శ్రావణమున అక్కగారి పెట్టె మరల వచ్చినది. పైపరును తలచుకొనుచు ముక్కలన్నిటికిని మూడు తడవలు మంచుపొర తొడిగితిని. నలువదవ నాడు విప్పగా వెండిపొలుసు మెరుపుతో సహా అట్లే యున్నవి. బావగారి పర్యటన మాత్రము మరల వాయిదాపడినది.