కార్డు పృష్ఠముపై మధ్యరేఖ

తపాలా కార్డునకు ముఖమేది, పృష్ఠమేది యను ప్రశ్నకు రెండు సమాధానములు గలవు. లోకవ్యవహారమున బొమ్మ యున్న వైపు ముఖము, చిరునామా వ్రాయు వైపు పృష్ఠము. తపాలాశాఖల పరిభాషలో నిది తలక్రిందులు. వారికి చిరునామా యున్న వైపే ముఖము. ఈ విపర్యయము వట్టి శబ్దకలహము గాదు. ఆ యట్టముక్కపై వ్రాయువాని కెంత చోటు, తపాలావారి కెంత చోటు అను తగవు దీనికి మూలము. ఆ తగవు తీర్పును కార్డు నచ్చొత్తించువారు నేటికిని మీరజాలరు.

1865లో కార్ల్స్‌రూహే నగరమున జరిగిన తపాలా సభలో హైన్రిక్ ఫాన్ స్టెఫాన్ ఇట్టి కార్డును సూచించెను గాని యది నెగ్గలేదు. 1869 జనవరిలో ఆస్ట్రియా అర్థశాస్త్రజ్ఞుడు ఇమాన్యుయెల్ హెర్మన్ వియన్నా పత్రిక యొకదానిలో నట్టి సూచననే చేయగా, ఆ యేడు అక్టోబరు 1వ తేదీన ఆస్ట్రియా-హంగెరీ ప్రభుత్వము తొలి కార్డును వెలువరించెను. బ్రిటనులో 1870లోను, హిందూదేశమున 1879 జూలైలో కాలణా వెలకును కార్డు వచ్చెను. ఆ తొలి కార్డులలో నొకవైపు చిరునామాకే యంకితము. సందేశ మంతయు రెండవవైపున. ఉత్తరములను ఊళ్లవారీగా విడదీయువాని కన్ను మొదట చిరునామాపై బడవలెను. దానిచెంత వేఱు వ్రాత యున్నచో చూపు తడబడును గదా.

బొమ్మల కార్డులు ప్రబలిన పిదప నీ కట్టుబాటు ఇఱుకున బడెను. సందేశమునకును బొమ్మకును ఒక్కవైపే గతి. ముద్రాపకులు బొమ్మను కుదించి యంచున తెల్లని చోటు విడిచిరి. అదియు చాలనివారు బొమ్మలోని యాకాశముపైననే యక్షరములు గిలికిరి. తుదకు 1902లో బ్రిటన్ తపాలాశాఖ చిరునామా వైపును నిలువుగా రెండు చేసి, ఎడమ సగము సందేశమునకును, కుడి సగము చిరునామాకును ఒసగుట కంగీకరించెను. బొమ్మకు రెండవవైపంతయు దక్కెను. తక్కిన దేశములు వెంటనే సమ్మతింపలేదు. కావున నాటి బ్రిటిష్ కార్డులు కొన్నింట సందేశభాగముపై, దేశములోపల వాడుటకు మాత్రమే యను హెచ్చరిక కానవచ్చును. జర్మనీ 1905లో నంగీకరించెను. 1906 రోము సభలో సార్వదేశిక తపాలా సంఘము దీని నామోదించెను. అమెరికాలో 1907 మార్చి 1 నుండి చెల్లెను.

అచ్చు వత్సరము లేని కార్డుల కాలనిర్ణయమున నీ గీత, శాసనములకు లిపివలె, ఉపకరించును. అయిన నొక జాగ్రత్త వలయును. గీత గల బ్రిటిష్ కార్డు 1902కు ముందటిది గాజాలదు. గీత లేని కార్డు మాత్రము పాత నిల్వనుండి తీసి తరువాత నెప్పుడైన వాడియుండవచ్చును. ఇచ్చట భావమునకున్న సాక్ష్యబలము అభావమునకు లేదు.

సీసపు టక్షరముల కాలమున కంపోజిటరు ఈ గీతకై యిత్తడి రూలును పేర్పు నడుమ నిలిపెడివాడు. 1978లో డానల్డ్ క్నూత్ వెలువరించిన టెక్, దానిపై లెస్లీ లాంపోర్ట్ నిర్మించిన లేటెక్ అను కంప్యూటరు అక్షరకూర్పు సాధనములలో నా పనిని ఆజ్ఞావాక్యములు చేయును. టెక్ దృష్టిలో పుట యంతయు పెట్టెలును, వాని నడుమ సాగెడి, ముడుచుకొనెడి యెడములును. 148 మిల్లీమీటర్ల వెడల్పు, 105 మిల్లీమీటర్ల యెత్తు గల కార్డును పెద్దపెట్టెగా దలచి, అందు రెండు పెట్టెలను ప్రక్కప్రక్కన బేర్చి, నడుమ నిలువుగీత నుంచుదురు. కుడిపెట్టె పైమూల తపాలాబిళ్లకు గడి. దాని దిగువ చిరునామాకు అడ్డగీతలు. నిలువుగీతకు మందము చెప్పకున్నచో 0.4 పాయింటు. ఎత్తు చెప్పకున్నచో తన్నావరించిన పెట్టె యెత్తునే యది గ్రహించును. పాణినీయము చదివినవారికి ఇది సూత్రములలోని యనువృత్తిని స్ఫురింపజేయును. అచ్చటను చెప్పని పదమును పరిసరమే పూరించును.

గీతకు స్థాన మేదియను విషయమున మాత్రము సాధనమును వాడువానికి పూర్ణస్వాతంత్ర్యము లేదు. కనీసము కుడిసగమును చిరునామాకును, బిళ్లకును, తపాలా గుర్తులకును విడువవలెనని సార్వదేశిక నియమము. సందేశమునకు చోటు చాలదని గీతను కుడికి జరుపుట యందుచేత దోషము. ఎడమకు జరుపుట దోషము గాదు. రెండువైపుల నచ్చొత్తునపుడు కాగితము నే యంచు వెంట ద్రిప్పుదురో ముందే నిర్ణయింపనిచో బొమ్మ తలక్రిందగును.

ఆ కుడిసగమునకు బేరిచ్చిన చిరునామా శబ్దము పారసీకము. అందు 'సర్' అన తల, 'నామా' అన లేఖ. లేఖ తలపై వ్రాయునది సర్నామా. తెలుగున నది చిరునామా యై, 'చిరు' శబ్దసాదృశ్యముచే చిన్నపేరను భ్రాంతి గొల్పుచున్నది. లేఖ తలపై నుండవలసిన యీ వ్రాత కార్డులో గీతకు కుడిప్రక్కకు దిగినది. 1972 ఆగస్టు 15న పిన్‌కోడు ప్రవేశించిన పిదప, భారత తపాలా కార్డుల చిరునామా గీతలచెంత నాఱు గడులును చేరినవి.