గూటి కోసం నడిచిన దారి



కూడు, గుడ్డ ఉన్నా గూడు లేని బతుకు బతుకే కాదు. మన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములో బీదవాడి ఇల్లంటే చాలాకాలం మట్టి గోడలు, తాటాకు కప్పే. దూది ఏకేవారికైతే ఆ ఒక్క గదే ఇల్లు, అదే పనిచోటు కూడాను.

1977 నవంబరు 19 నాటి తుఫాను ఆ ఇళ్ల సంగతి తేల్చేసింది. ఉప్పెనకు దివిసీమ తుడిచిపెట్టుకుపోయింది. కృష్ణకు ఇవతల రేపల్లె, బాపట్ల తీరగ్రామాలూ దెబ్బతిన్నవి. గుడిసె గాలికి ఆగదని అందరికీ తెలుసు. పక్కా ఇల్లు కట్టే స్తోమత ఎవరికుంది? 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడి, బలహీనవర్గాల ఇళ్ల పని చేపట్టింది. 1970లో పుట్టిన హడ్కో దానికి అప్పు ఇచ్చింది.

1985లో కేంద్రము ఇందిరా ఆవాస్ యోజన తెచ్చింది. మొదట అది షెడ్యూల్డు కులాలు, తెగలు, విముక్తులైన వెట్టికూలీలకే. మిగతా గ్రామీణ పేదలకు, అంటే మనలో చాలామందికి, 1993-94లో గానీ తలుపు తెరుచుకోలేదు. 2006లో వచ్చిన ప్రధానమంత్రి కొత్త 15 సూత్రాల కార్యక్రమముతో ఆ పథకములో 15 శాతం అల్పసంఖ్యాకులకు కేటాయించారు. ఈ మాట మన పేటల్లో ఎంతమందికి తెలిసింది?

అసలు చిక్కు మరొకటుంది. సర్కారు గోడలకు డబ్బిస్తుంది సరే, జాగా ఏదీ? అద్దెకుండే వాడికి జాగా లేదు. తాతనాటి జాగా ఉన్నవాడికి కాగితం లేదు. మన షరియత్ ప్రకారము హిబా నోటిమాటతో చెల్లుతుంది. స్థలం అప్పగిస్తే చాలు. కానీ ఆఫీసులో బంట్రోతు దగ్గర్నుంచి అందరూ అడిగేది కాగితమే. ఇచ్చినాయన కన్నుమూస్తే అన్నదమ్ముల మధ్య తగువు, అర్జీకి మంగళం!

జాగా లేనివారి కోసం 2020 డిసెంబరు 25న రాష్ట్రములో సుమారు 30 లక్షల స్థలాల పంపిణీ మొదలైంది. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు, అదీ ఆడవారి పేరన. స్థలం చిన్నదే. అయినా అమ్మ పేరన పట్టా వచ్చిందంటే, కోపమొచ్చి ఎవరూ ఆమెను వీధిలోకి నెట్టలేరు.

2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలో, తెనాలి గుంటూరు జిల్లాలో ఉన్నాయి. జిల్లాలు రెండైనా మన కష్టము ఒక్కటే. కనుక మన మనవి ఇది. చదువుకున్న పిల్లలు జుమా తర్వాత ఒక గంట కూర్చుని అర్జీలు రాసిపెట్టాలి. పెద్దలు హిబా చేసిన నాడే సాక్షులతో కాగితం మీద పెట్టించుకోవాలి. ఇల్లు సర్కారు ఇవ్వొచ్చు, దాని గడప దాకా చేయి పట్టి నడిపించాల్సింది మాత్రం మనమే. అల్లాహ్ మనకా శక్తినిచ్చుగాక. ఆమీన్.