సాఫ్ట్‌వేరు పాఠాంతరములు: వాని లెక్కకు ఒక చరిత్ర

అచ్చుయంత్రము రాక పూర్వము తెలుగు కావ్యములు తాళపత్రములపై వ్రాయబడి, చేతిప్రతుల రూపమున ఊరినుండి ఊరికి వ్యాపించుచుండెడివి. వ్రాయసగాండ్రలో ఒకడు ఒక పదమును మార్చును. వేరొకడు ఒక పద్యమును చేర్చును. ఇంకొకడు ఒక పంక్తిని వదలివేయును. కొన్ని తరములు గడచునప్పటికి ఒకే గ్రంథమునకు పెక్కు పాఠాంతరములు ఏర్పడును. పందొమ్మిదవ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పండితులను నియమించి, అట్టి ప్రతులను పోల్పించి శుద్ధప్రతులు వ్రాయించెను. మార్పు ఎవరు చేసిరో, ఎప్పుడు, ఎందుకు చేసిరో తాళపత్రము సాధారణముగా చెప్పదు. పండితులకు శ్రమ కలిగించినది ఆ లోపమే.

నేడు హైదరాబాదుకు పడమట రాయదుర్గము, మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములందు వేలకొలది ఇంజనీర్లకు ఇదే సమస్య ప్రతిదినము ఎదురగుచున్నది. వారు వ్రాయునది కావ్యము కాదు, కంప్యూటరు ప్రోగ్రాము. ఒకే ప్రోగ్రామును వందలమంది వేర్వేరు దేశములనుండి ఒకే కాలమున మార్చుచుందురు. ఆ మార్పులను లెక్కయందుంచుట ఎట్లు? ఎవరి మార్పు అసలు ప్రతిలో చేరవలెనో నిర్ణయించువారెవరు? మొదటి ప్రశ్నకు యంత్రము సమాధానము చెప్పగలిగినది. రెండవదానికి మనుష్యులే ఒడంబడిక చేసికొనవలసి వచ్చినది.

తాళమునుండి విలీనమునకు

1972లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మార్క్ రోచ్‌కైండ్ ఎస్.సి.సి.ఎస్. అను సాధనమును నిర్మించెను. మార్పు జరిగినప్పుడెల్ల ప్రోగ్రామును పూర్తిగా నకలు తీయక, మారిన పంక్తులను మాత్రమే భద్రపరచుట దీని కీలకము. 1980 దశకపు ఆరంభమున పర్డ్యూ విశ్వవిద్యాలయమునందు వాల్టర్ టిషి నిర్మించిన ఆర్.సి.ఎస్. సరిక్రొత్త ప్రతిని పూర్తిగా ఉంచి, పాతవానిని వెనుకకు లెక్కకట్టి రాబట్టును. తరచుగా కావలసినది క్రొత్త ప్రతియే గదా!

అయితే ఈ పద్ధతులలో ఒకరు ఒక ఫైలును దిద్దుచున్నంతసేపు దానికి తాళము పడును; తక్కినవారు వేచియుండవలెను. హాజరుపట్టీ ఒక ఉపాధ్యాయుని బల్లపై ఉన్నప్పుడు రెండవవారికి దొరకనట్లే ఇదియు. ఆమ్‌స్టర్‌డామ్‌లో అధ్యాపకుడైన డిక్ గ్రూన్ తన ఇద్దరు విద్యార్థులతో కలిసి పనిచేయుచుండగా, ముగ్గురి వేళలును కుదరలేదు. అందుచేత ఆయన సి.వి.ఎస్.కు మూలమైన సాధనమును తయారుచేసి 1986లో వెలువరించెను. ఇందు తాళము లేదు. ఎవరి నకలుపై వారు పనిచేసి తరువాత కలుపుదురు.

కలుపుట యెట్లనిన, యంత్రము మూడు ప్రతులను పోల్చును: ఇద్దరును ప్రారంభించిన మూలప్రతి, మొదటివాని ప్రతి, రెండవవాని ప్రతి. నూరు పంక్తులలో ఒకడు పదవదానిని, వేరొకడు అరువదవదానిని మార్చినచో రెండు మార్పులును గ్రహింపబడును. ఇద్దరును పదవ పంక్తినే వేర్వేరు విధములుగా మార్చినచో యంత్రము ఆగిపోయి, నిర్ణయమును మనిషికి వదలును.

2005 సంవత్సరపు సంకటము

1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్, ఎవరైనను చదివి మార్చుకొనదగిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. 2002లో దాని మార్పులను భద్రపరచుటకు ఒక కంపెనీ సొత్తైన బిట్‌కీపర్ అను సాధనము స్వీకరింపబడెను. కంపెనీ దానిని ఉచితముగా ఇచ్చినది. కాని దాని లోపలి ప్రోగ్రాము రహస్యము. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును పరాధీనమైన సాధనముపై నిలుపుట తగదని పలువురు వాదించిరి. 2005 ఏప్రిల్‌లో కంపెనీ ఆ ఉచిత సదుపాయమును ఉపసంహరించుకొనెను.

టోర్వాల్డ్స్ ఏప్రిల్ 3న క్రొత్త సాధనమును వ్రాయ మొదలుపెట్టెను. అదే గిట్. నాలుగు దినములలో అది తన మార్పులను తానే లెక్కయందుంచుకొనజాలినది. జూన్‌లో వెలువడిన లినక్స్ 2.6.12 దాని సాయముననే సిద్ధమయ్యెను. జూలైలో జూనియో హమానో గిట్ బాధ్యతను స్వీకరించెను.

గిట్‌లో సాధారణముగా ప్రతి పనివాని యంత్రమునందును మొత్తము చరిత్ర ఉండును. ప్రతి మార్పుకును 40 అక్షరముల గుర్తు కలదు. మార్పులోని విషయము, చేసినవాని పేరు, కాలము, దానికి ముందున్న మార్పుయొక్క గుర్తు, వీనినుండి ఆ గుర్తు గణింపబడును. పాత మార్పును రహస్యముగా దిద్దినచో తరువాతి గుర్తులన్నియు మారి, మోసము బయటపడును. తాళపత్రములో లేనిది ఇదియే.

ఒడంబడికలు

సాధనము కుదిరినంత మాత్రమున తగవు తీరలేదు. లినక్స్‌లో ఒక్కొక్క విభాగమునకు ఒక సంరక్షకుడు ఉండును. క్రొత్త అంశములు రెండు వారములు మాత్రమే స్వీకరింపబడును. తరువాత ఆరేడు వారములు తప్పులు దిద్దుటయే పని. 2010లో విన్సెంట్ డ్రీసెన్ రెండు శాశ్వత శాఖలుగల పద్ధతిని ప్రతిపాదించెను. మరుసటి సంవత్సరము స్కాట్ చాకన్ ఒకే ప్రధానశాఖ, పరిశీలన పిదప దానిలో కలిసిపోవు చిన్న శాఖలు చాలునని వివరించెను. దినదినము మారు వెబ్ సాఫ్ట్‌వేరుకు సరళమైన పద్ధతియే మేలని 2020లో డ్రీసెనే సూచించుట గమనింపదగినది.

ఈ ఒడంబడికలు తెలుగుకును సంబంధించినవే. గ్నోమ్ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు తెలుగులోనికి అనువదింపబడినది. ఆ సంఘము సభ్యుల అభిప్రాయములు సేకరించిన పిదప 2009 ఏప్రిల్‌లో గిట్‌కు మారెను. అనువాదపు ఫైలులో ప్రతి ఆంగ్లవాక్యము క్రింద తెలుగు వాక్యము, పైభాగమున చివరి అనువాదకుని పేరు ఉండును. ఒకరు అనువదింతురు, మరియొకరు పరిశీలింతురు, అధికారము గలవారు చేర్తురు. ‘ఫైలు’ అని ఒకరును, ‘దస్త్రము’ అని ఒకరును వ్రాసినచో, ఏది వాడవలెనో గిట్ చెప్పదు. తెలుగువారు కూర్చుండి తేల్చుకొనవలసినదే.

పెద్ద కంపెనీలును ఈ మార్గమునకే వచ్చినవి. 1998నుండి హైదరాబాదులో అభివృద్ధి కేంద్రముగల మైక్రోసాఫ్టు 2017లో విండోస్ పనిని గిట్‌లోనికి మార్చెను: 35 లక్షల ఫైళ్లు, సుమారు 300 గిగాబైట్లు, 4,000 మంది ఇంజనీర్లు. అంత భారమును ప్రతి యంత్రమునకు దింపుట అసాధ్యము గనుక, కావలసిన ఫైలునే తెచ్చు ఉపాయమును కనిపెట్టి, ఆ ప్రోగ్రామును బహిరంగపరచెను. హైదరాబాదున పెరిగిన సత్య నాదెళ్ల నాయకత్వమున 2018లో, గిట్ భాండాగారములకు నిలయమైన గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొనెను.

దీనితో 2005 నాటి ప్రశ్న మరల తలయెత్తినది. లోకమందలి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో పెద్దభాగము ఒక కంపెనీ ఇంట ఉండుట క్షేమమా? మార్పుల చరిత్ర ప్రతివారి యంత్రమునను ఉన్నందున దానిని వేరొక చోటికి తరలింపవచ్చును. కాని ఆ మార్పుపై జరిగిన చర్చ, అంగీకారమునకును తిరస్కారమునకును చెప్పిన కారణములు గిట్‌హబ్ పుటలలోనే ఉండును; గిట్ నకలుతో అవి రావు. కావున కారణమును మార్పుతోపాటే వ్రాసియుంచుట వివేకము.

ఉన్నత పాఠశాల విద్యార్థులు నలుగురు కలిసి ఒక ప్రాజెక్టు వ్రాయుదురనుకొందము. అసలు ప్రతి ఎవరి వద్ద ఉండును? దిద్దినవారు తేదీ, పేరు, కారణము ఎక్కడ వ్రాయవలెను? చేర్చుటకు ముందు ఎవరు చదువవలెను? ఇద్దరు ఏకీభవింపనిచో తీర్పు ఎవరిది? కంప్యూటరు లేకున్నను ఉపాధ్యాయులు ఈ నాలుగు నియమములను ముందుగా వ్రాయించి పని ప్రారంభింపజేయవచ్చును. ఏబదియేండ్ల సాఫ్ట్‌వేరు అనుభవపు సారమును బాలురు, బాలికలు ఒక నోటుపుస్తకములోనే నేర్చుకొనగలరు.