కావల్ల, ఇయ్యల్ల: కరువు పని వ్యాకరణం

అనంతపురం పల్లెల్లో ఉపాధి హామీ పనిని ఆడవాళ్ళు "కరువు పని" అనే అంటారు. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఆ పథకాన్ని ప్రారంభించారు. మొదటి విడతలో దేశం మొత్తం మీద 200 జిల్లాలు అందులో ఉన్నాయి. 2009లో దానికి మహాత్మాగాంధీ పేరు చేరింది. ఇన్ని పేర్లు వచ్చినా ఊరి నోట్లో నిలిచింది మాత్రం కరువు పని అన్న మాటే. చట్టం చేసినవాళ్ళు మర్చిపోయిన వంశవృక్షాన్ని ఈ మాట గుర్తు పెట్టుకుంది.

నేను సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. కథనో కవితనో చదివినట్టే చట్టాన్నీ మాట మాట పట్టుకుని చదవడం నాకు అలవాటు. ఇంగ్లీషు చట్టాల్లో 'షల్', 'మే' అనే సహాయక క్రియలు 'ఫలానా దాన్ని బట్టి', 'ఫలానా దానికి లోబడి' అనే మాటలతో కలిసినప్పుడు ఏం జరుగుతూ వచ్చింది? ఆ కలయిక పని అడిగే స్త్రీని ఎక్కడ నిలబెట్టింది? ఈ వ్యాసంలో నేను చూడదలచుకున్నది ఇదే.

ముందు ఆ మాటల పుట్టుక చూద్దాం. 'షల్' పాత ఇంగ్లీషులో బాకీ ఉండటం అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చింది. ఎవరైనా 'షల్' అన్నారంటే మూలంలో వాళ్ళు రుణపడి ఉన్నారని. 'మే'కి మూలార్థం శక్తి ఉండటం. చేయగల శక్తి తరవాత చేసే అనుమతిగా మారింది. 'డిపెండ్' లాటిన్ నుంచి వచ్చింది, వేలాడటం అని అర్థం. ఇక తెలుగులో 'బట్టి' అన్నది 'పట్టు' అనే క్రియ. వానను బట్టి పంట అంటే వాన చెయ్యి పట్టుకుని నడిచే పంట. 'సబ్జెక్ట్ టు'కి మన సర్కారీ తెలుగు 'లోబడి' అంటుంది. లో పడటం, లొంగటం. నిబంధనలకు లోబడి, భర్తకు లోబడి అని రెండు చోట్లా ఒకే మాట వాడటం మనకు ఎంత అలవాటంటే, అందులో ఉన్న బలవంతం చెవికి తగలదు.

1876-78 కరువు నాటికి అనంతపురం విడి జిల్లా కాదు. బళ్ళారి జిల్లాలో భాగంగా ఉండి 1882లో వేరుపడింది. బళ్ళారి ఆ కరువులో బాగా దెబ్బతిన్న ప్రాంతం. 1877లో కరువు ప్రతినిధిగా వచ్చిన రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి డబ్బు చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అది ప్రాణం నిలిపే తిండి కాదని గట్టిగా వాదించాడు. 1880లో ఫామిన్ కమిషన్ నివేదిక, ఆ తరవాత ఫామిన్ కోడ్‌లు వచ్చాయి. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళకు పని, లేనివాళ్ళకు ఉచిత సహాయం, కూలీల వెంట వచ్చిన పిల్లలకు, ముసలివాళ్ళకు 'డిపెండెంట్లు' అనే పద్దు. కూలి మగవాడికి ఒక రేటు, ఆడమనిషికి అంతకన్నా తక్కువ రేటు.

కోడ్ నిండా అధికారులు ఏం చేయాలో చెప్పే వాక్యాలే. కానీ ఆ బాకీ కింది అధికారి పై అధికారికి ఉన్న బాకీ. ఆకలితో వచ్చిన స్త్రీ ఆ కోడ్ చూపించి "నాకు ఇవ్వాలి" అనడానికి వీల్లేదు. ఆ వాక్యంలో ఆమె ఎక్కడో చివర, కర్మగా మాత్రమే ఉంది.

ఆ తరవాతి జనాభా లెక్కలు 'డిపెండెంట్' మాటను ఇంకా స్థిరపరిచాయి. 1901, 1911 లెక్కల్లో మనుషులు రెండు రకాలు: పనిచేసేవాళ్ళు, ఆశ్రితులు. 1931కి వచ్చేసరికి మధ్యలో ఇంకో గడి పుట్టింది: 'వర్కింగ్ డిపెండెంట్', అంటే పనిచేసే ఆశ్రితురాలు. చేలో కలుపు తీసి, కాయ ఒలిచి, గొడ్లను చూసుకునే స్త్రీ పని చేస్తున్నట్టు లెక్కల వాళ్ళకు కనబడింది. అయినా ఆమెను ఆశ్రితురాలు కాకుండా ఇంకేమైనా అనడానికి వాళ్ళ దగ్గర మాట లేకపోయింది. ఎవరి మీద ఎవరు ఆధారపడ్డారో ఆ గడి తిరగరాసి చెబుతుంది.

ఫామిన్ కమిషన్ నివేదిక వచ్చిన 1880లోనే లండన్‌లో ప్రభువుల సభ జూలియస్ కేసులో తీర్పిచ్చింది. చట్టం అధికారం ఇస్తే దాన్ని వాడి తీరాలా అన్నది అక్కడ ప్రశ్న. ఆ కేసు వరకు అక్కర్లేదన్నారు. కానీ ఎవరి మేలు కోసం అధికారం ఇచ్చారో వాళ్ళు అడిగినప్పుడు, ఆ అధికారానికి బాధ్యత ముడిపడే సందర్భాలుంటాయని లార్డ్ కెయిర్న్స్ వివరించాడు. అంటే 'మే' కూడా ఒక్కోసారి 'షల్' కాగలదు. మన న్యాయస్థానాలు ఆ సూత్రాన్ని తరచు వాడుకున్నాయి. దీనికి ఎదురు ప్రయాణం కూడా ఉంది. 'షల్' కాస్తా మెల్లగా 'మే'గా జారిపోవడం.

దానికి మంచి ఉదాహరణ మన రాజ్యాంగంలోనే ఉంది. పనిహక్కు గురించి చెప్పే 41వ అధికరణలో క్రియ 'షల్'. కానీ ఆ క్రియకూ పనికీ మధ్యలో ప్రభుత్వ ఆర్థిక స్తోమత, అభివృద్ధి పరిమితులు వచ్చి కూర్చున్నాయి. పైగా అది ఆదేశిక సూత్రం, 37వ అధికరణ ప్రకారం కోర్టుకెక్కి అమలు చేయించుకోలేం. బాకీ ఉందని ఒప్పుకుంటూనే, చేతిలో ఉంటే తీరుస్తానన్న అప్పు పత్రం అది. అనంతపురంలో వేరుశనగ రైతుకు అలాంటి పత్రం మీద ఏ షావుకారూ అప్పివ్వడు.

2005 చట్టం గొప్పదనం ఇక్కడే. దాని 3వ సెక్షన్లో, పని కోరిన ప్రతి గ్రామీణ కుటుంబానికీ ఏడాదికి కనీసం 100 రోజుల పని కల్పించే బాధ్యతను 'షల్' అని రాశారు. అక్కడ స్తోమత ఊసు లేదు. పని పొందేవాళ్ళలో కనీసం మూడో వంతు స్త్రీలుండాలన్న చోటా 'షల్'. పనిచోట ఆరేళ్ళ లోపు పిల్లలు అయిదుగురికి మించినా, అయిదుగురే ఉన్నా, వాళ్ళను చూసుకోవడానికి అక్కడి స్త్రీలలో ఒకరిని పెట్టాలన్న చోటా 'షల్'. కానీ 7వ సెక్షన్‌కు రండి. 15 రోజుల్లో పని ఇవ్వకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి, మొదటి 30 రోజులు కూలిరేటులో కనీసం నాలుగో వంతు, ఆ తరవాత సగం. ఈ హక్కు మాత్రం నిబంధనలకూ, రాష్ట్ర ప్రభుత్వ ఆర్థిక స్తోమతకూ లోబడి ఉంటుంది. 41వ అధికరణలోని మాట 55 ఏళ్ళ తరవాత వెనక గుమ్మం నుంచి లోపలికి వచ్చింది. మొదటి వాగ్దానం తప్పితే దిక్కయ్యే రెండో వాగ్దానానికే ఆ ముడి పడింది. దేశమంతటా ఈ భృతి చాలా అరుదుగా అందడంలో ఆశ్చర్యమేముంది?

హక్కు కుటుంబానిది కావడం ఇంకో ముడి. 100 రోజులు ఇంటికి. ఇంట్లో ఎవరు ఎన్ని రోజులు వెళ్ళాలో చట్టం చెప్పదు. ఉమ్మడి రాష్ట్రంలో, ఆ తరవాతా ఈ పనుల్లో సగానికి పైగా స్త్రీలే ఉన్నారు. అయినా కాగితం మీద ఒంటరి స్త్రీ, అత్తింట్లో కలిసి ఉన్న విధవ కోడలు మొదట తాము ఒక 'కుటుంబం' అని రుజువు చేసుకోవలసి వచ్చేది.

నార్పల వైపు ఒక ఊళ్ళో, అడిగినట్టు రసీదు ఇవ్వలేదని ఒక పెద్దామె నాతో చెప్పింది. "మాకు పని కావల్లమ్మా, వాళ్ళు ఇయ్యల్ల. అంతే గదా చట్టం?" అంది. రసీదు మీద తేదీ లేకపోతే 15 రోజులు ఎప్పటినుంచి లెక్కపెట్టాలో తెలియదు, భృతి అడిగే దారే మూసుకుపోతుంది. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

నన్ను ఆపింది ఆమె వ్యాకరణం. 'కావల్ల', 'ఇయ్యల్ల' రెండింటిలోనూ ఉన్నది 'వలయు' అనే ఒకే పాత క్రియ. కోస్తా తెలుగులో 'కావాలి', 'ఇవ్వాలి' అన్నప్పుడు అది 'ఆలి'గా అరిగిపోయింది. సీమ మాటలో ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. ఇంగ్లీషులో కోరికకు ఒక క్రియ, బాధ్యతకు ఇంకొకటి. తెలుగులో నాకు అవసరమైనదీ, నువ్వు చేయవలసినదీ ఒకే వేరు నుంచి మొలిచాయి. ఆమె నోట్లో చట్టం రెండు వైపులా సమంగా నిలబడింది, మధ్యలో లోబడటం ఏమీ లేదు.

అయితే ఈ క్రియలో ఒక చిక్కు ఉంది. నేను ఇవ్వాలి, నువ్వు ఇవ్వాలి, వాళ్ళు ఇవ్వాలి, అన్నిటికీ ఒకటే రూపం. కర్తను తీసేస్తే ఎవరు ఇవ్వాలో క్రియ చెప్పదు. సర్కారీ తెలుగుకి ఇది బాగా కలిసొచ్చింది. 'పని కల్పించవలెను', 'కల్పించబడును' అని రాస్తే బాకీదారుడు వాక్యంలోంచి మాయమవుతాడు. పెద్దామె మాత్రం 'వాళ్ళు' అన్న మాట వదల్లేదు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో మరో చట్టాన్ని ఆమోదించింది. 100 రోజులు 125 అయ్యాయి. ఏ రాష్ట్రానికి ఎంత అన్నది కేంద్రం నిర్ణయించే కొలమానాలను బట్టి ఉంటుంది, అది దాటిన ఖర్చు రాష్ట్రానిది. సాగు పనులు ముమ్మరంగా ఉండే కాలంలో మొత్తం 60 రోజుల దాకా పనులు ఆపవచ్చు, ఆ రోజులను ముందుగా ప్రకటిస్తారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వర్షపాతం ఉన్న చోట, జూన్ జులైలలో వాన మొహం చాటేస్తే సాగు కాలం కాగితం మీదే ఉంటుంది. చేలో పనీ లేక, కరువు పనీ ఆగి కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్ళే. రోజుల అంకె పెరిగిందా అన్న చర్చ చాలా జరిగింది. ఆ అంకె ముందు ఏ క్రియ ఉంది, ఆ క్రియ దేనికి లోబడి ఉంది అన్న చర్చ ఇంకా జరగాలి.

మనలో చాలామంది అనువాదాలు చేస్తాం, ప్రభుత్వ పత్రాలను తెలుగు చేసే పని కూడా ఒప్పుకుంటాం. పాఠాలు చెబుతాం, సంఘాల కోసం కరపత్రాలు రాస్తాం. 'లోబడి' అని రాయాల్సి వచ్చినప్పుడు దేనికి, ఎవరు, ఎంతవరకు అని అడిగి రాద్దాం. 'ఇవ్వాలి' అని రాసినప్పుడు ఎవరు ఇవ్వాలో ఆ పేరు కూడా పక్కనే రాద్దాం.