దయ్యం రాకముందు సర్దిన సామాన్లు

దయ్యాల సినిమా ఎలా మొదలవుతుందో మనందరికీ కంఠతా వచ్చు. అర్ధరాత్రి, హోరున వాన, పాడుబడ్డ బంగళా, కిర్రుమంటూ దానంతటదే తెరుచుకునే తలుపు, ఎక్కడో నక్క ఊళ. ఆ నక్క ఊళ వెయ్యకపోతే టిక్కెట్టు డబ్బులు వాపసు అడిగేవాళ్ళు కూడా ఉంటారేమో! అలాంటిది, ఒక అమ్మాయి పట్టపగలు తన ఇంట్లో నిలబడి ప్రయాణానికి సామాన్లు సర్దుకోవడంతో మొదలయ్యే దయ్యాల సినిమా ఒకటుంది. 1999లో అమెరికాలో విడుదలైన ఆ సినిమా పేరు 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్'. విచ్ అంటే మంత్రగత్తె. ఆ మంత్రగత్తె సినిమా మొదట్లో కనబడదు, మధ్యలో కనబడదు, చివరికి చిట్టచివర కూడా కనబడదు. అయినా చూసినవాళ్ళు చెమటలు తుడుచుకుంటూ బయటికొచ్చారు.

నాకు దయ్యాల కథలంటే భయం కన్నా ఆసక్తి ఎక్కువ. నాలుగు కథలు రాసుకునేదాన్ని కదా, ఎదుటివాళ్ళు ఈ భయమనే వంటకాన్ని ఎలా వండారో చూడాలనే యావ ఒకటి. ఈ సినిమా విషయంలో వంట సంగతి అలా ఉంచండి, పొయ్యి వెలిగించకముందు కూరలు తరిగి, పోపుగింజలు చేతికందేలా అమర్చుకున్న వైనం ఉంది చూశారూ, అదే నన్ను ఆశ్చర్యపరిచింది.

ముందు కథ చెబుతాను. మేరీలాండ్ రాష్ట్రంలో హెదర్, జాష్, మైక్ అనే ముగ్గురు కాలేజీ విద్యార్థులు. ఒక పాతకాలపు మంత్రగత్తె మీద డాక్యుమెంటరీ తీద్దామని 1994 అక్టోబరులో బర్కిట్స్‌విల్ అనే ఊరి దగ్గర అడవిలోకి వెళ్ళి, మరి తిరిగి రాలేదు. ఏడాది తర్వాత వాళ్ళు తీసిన ఫిల్మ్ దొరికింది, మీరు చూడబోయేది అదే, అని తెర మీద నాలుగు వాక్యాలు పడతాయి. ఢమఢమ వాయిద్యాలేమీ ఉండవు. వెంటనే హెదర్ ఇల్లు. అడవిలో ప్రాణాలు నిలుపుకోవడమెలాగో చెప్పే పుస్తకమొకటి కెమెరాకి చూపిస్తుంది. తర్వాత స్నేహితుల్ని కలుపుకోవడం, కెమెరాలు కారెక్కించడం, బజారుకెళ్ళి తినుబండారాలు కొనడం. మార్ష్‌మెలో అని దూదిలాంటి మిఠాయి ఉంటుంది, మంట మీద కాల్చుకు తింటారు, అవి కూడా మరిచిపోకుండా కొనుక్కుంటారు. ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకుంటారు. శ్మశానంలో నిలబడి క్లాప్ కొట్టగానే హెదర్ గొంతు మార్చి గంభీరంగా వ్యాఖ్యానం మొదలుపెడుతుంది. కాలేజీ వార్షికోత్సవంలో మైకు అందుకున్న మన అమ్మాయిలాగే!

ఆ తర్వాత ఊళ్ళోవాళ్ళని మంత్రగత్తె గురించి అడుగుతారు. పసిపిల్లని ఎత్తుకున్న ఒక తల్లి తను విన్నదేదో చెబుతూంటుంది. పెద్దవాళ్ళ మాటలు అర్థమయ్యీ కాని వయసు ఆ పిల్లది. ఉన్నట్టుండి చెయ్యి చాచి తల్లి నోరు మూసేస్తుంది. చెప్పొద్దన్నట్టుగా! నా దృష్టిలో సినిమా మొత్తానికి భయం పుట్టిన చోటు అదే. పిల్లల్ని పెంచినవాళ్ళెవరైనా ఆ చేతిని గుర్తుపడతారు.

తెర మీద పిల్లలు ఎంత తెలిసీ తెలియక బయల్దేరారో, తెర వెనకాల వాళ్ళు అంత లెక్కగా బయల్దేరారు. డేనియల్ మైరిక్, ఎడ్వర్డో శాంచెజ్ అనే ఇద్దరు కుర్రాళ్ళు ఓర్లాండోలోని సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో సినిమా కోర్సు చదువుతూ కలుసుకున్నారు. దయ్యాల సినిమాల కన్నా, టీవీలో వింతలూ విడ్డూరాల మీద వచ్చే డాక్యుమెంటరీలే తమని ఎక్కువ భయపెట్టాయని 1993లో ఇద్దరూ మాటల్లో గ్రహించారు. నిజమే కదా. మన అమ్మమ్మలు కూడా దయ్యం కథ చెప్పేటప్పుడు 'ఫలానా ఊరి చెరువుగట్టున, ఫలానావారి మేనత్తగారు' అనే మొదలుపెట్టేవారు. ఊరి పేరూ, చుట్టరికమూ చెప్పాక ఇంక నమ్మక ఛస్తామా!

వీళ్ళూ అదే పని చేశారు. బ్లెయిర్ అనే పాత ఊరినీ, 1785లో ఆ ఊరినుంచి చలికాలంలో వెలివేయబడిన ఎల్లీ కెడ్‌వార్డ్ అనే ముసలమ్మనీ, 1940లలో ఏడుగురు పిల్లల్ని చంపిన ఒక అడవి మనిషినీ, ఇలా రెండు వందల ఏళ్ళ చరిత్రని తేదీలతో సహా కల్పించారు. బ్లెయిర్ ఊరు లేదు, ఎల్లీ లేదు, హత్యలూ లేవు. బర్కిట్స్‌విల్ మాత్రం ఉంది, పాపం. రెండు వందలమంది జనాభా కూడా లేని ఆ ఊరివాళ్ళు సినిమా వచ్చాక పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. ఊరి పేరు రాసిన బోర్డుల్ని కూడా జ్ఞాపకార్థం ఎత్తుకుపోయారు!

చరిత్ర సిద్ధమైంది గానీ డబ్బేదీ? తోటి విద్యార్థులైన గ్రెగ్ హేల్, రాబిన్ కౌవీ, మైఖేల్ మోనెల్లో కలిశారు. మంత్రగత్తెల మీద 1922లో వచ్చిన మూకీ చిత్రం 'హక్సన్' పేరునే తమ సంస్థకు పెట్టుకున్నారు. పెట్టుబడి పెట్టేవాళ్ళకి చూపించడానికి ఎనిమిది నిమిషాల బొమ్మ తీశారు. అందులో మాయమైన విద్యార్థుల వార్తని నిజం వార్తలాగే చూపించారు. జాన్ పియర్సన్ అనే ఆయన తన టీవీ కార్యక్రమంలో దాన్ని ప్రసారం చేశారు, డబ్బూ ఇచ్చారు. అంటే అసలు సినిమా లేకముందే దాని పుకారు తయారైపోయిందన్నమాట.

సినిమాకి రాసుకున్న స్క్రిప్టు ముప్ఫై అయిదు పేజీలు. అందులో ఏం జరుగుతుందన్నది ఉంది, ఎవరేం మాట్లాడతారన్నది లేదు. మాటలు నటులే అప్పటికప్పుడు అనుకోవాలి. 1996లో నటులు చదివే పత్రికలో ప్రకటన వేసి, వచ్చినవాళ్ళని ఒక వింత పరీక్ష పెట్టారు. గదిలో అడుగుపెట్టగానే కుశలప్రశ్నలు లేవు. 'తొమ్మిదేళ్ళ శిక్షలో ఏడేళ్ళు అనుభవించావు కదా, నిన్ను ముందుగా ఎందుకు విడిచిపెట్టాలో చెప్పు' అన్న ధోరణిలో ప్రశ్న! తడబడి 'ఏమిటండీ?' అన్నవాళ్ళు ఇంటికి. ఆ క్షణమే ఖైదీ అయిపోయినవాళ్ళు పైమెట్టుకి. అలా నిలబడ్డవాళ్ళే హెదర్ డొనహ్యూ, జాషువా లెనార్డ్, మైఖేల్ విలియమ్స్. గమనించారా, పాత్రల పేర్లూ వాళ్ళవే. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1997 అక్టోబరు 23న షూటింగు మొదలైంది. అంతా ఎనిమిది రోజులు. కెమెరామన్ లేడు, నటులే కెమెరాలు పట్టారు. ముందుగా రెండు రోజులపాటు వాళ్ళకి ఆ విద్య నేర్పారు. డాక్యుమెంటరీ ముక్కలకి పదహారు మిల్లీమీటర్ల నలుపు తెలుపు ఫిల్మ్ కెమెరా, మిగతా గోలంతా తియ్యడానికి మామూలుగా ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వాడే రకం రంగుల వీడియో కెమెరా. ఈ రెండోదాన్ని కొట్లో కొని, పనయ్యాక వాపసిచ్చి డబ్బులు తెచ్చుకున్నారని చెప్పుకుంటారు. చీర ఒకసారి కట్టి మడత నలక్కుండా తిరిగిచ్చేవాళ్ళు మన దగ్గరే ఉన్నారనుకున్నాను!

అడవిలో దర్శకులు నటుల కంట పడకుండా ఉండాలి. అందుకని దారి చూపే జీపీఎస్ యంత్రం ఒకటి చేతికిచ్చారు. అది చెప్పిన చోటికి నడిస్తే అక్కడొక ప్లాస్టిక్ పెట్టె, అందులో ఫిల్మ్ డబ్బీలు. ఒక్కో డబ్బీలో ఒక్కొక్కరికి విడిగా ఒక చీటీ. ఒకరి చీటీ మరొకరు చదవకూడదు. ఒకరికి దారి మీద అనుమానం రావాలనీ, ఇంకొకరు ఊరుకోవద్దనీ, ఇలా ఉండేవి ఆ చీటీలు. ఉమ్మడి కుటుంబంలో పెద్దత్తగారు ముగ్గురు కోడళ్ళ చెవుల్లో మూడు మాటలు వేసి తను పూజగదిలో కూర్చున్నట్టు లేదూ! తెర మీద కనబడే ఆ పోట్లాటలకి అంత సహజత్వం మరెక్కడినుంచి వస్తుంది?

రాత్రిళ్ళు దర్శకులు చీకట్లో టెంటు పట్టుకు ఊపేవారు, టేపు రికార్డర్లలో పిల్లల గొంతులు వినిపించేవారు. రోజురోజుకీ తిండి తగ్గిస్తూ పోయారు. ఆకలితో ఉన్నవాడు నటించనక్కర్లేదని వాళ్ళ సిద్ధాంతం. సైన్యంలో పనిచేసి వచ్చిన గ్రెగ్ హేల్ అక్కడి శిక్షణ పద్ధతుల్నే ఇక్కడికి తెచ్చాడు. ఇది చదివినప్పుడు నాలోని రచయిత్రి మెచ్చుకుంది గానీ, నాలోని తల్లి మాత్రం 'ఆ పిల్లలకి కాస్త అన్నం పెట్టండర్రా' అనుకుంది. నిజంగా ఇబ్బంది వచ్చి నటన ఆపాలనిపిస్తే చెప్పడానికి ఒక గుర్తు మాట మాత్రం పెట్టుకున్నారు. ఆ మాట 'టాకో'. అది మొక్కజొన్న రొట్టెలో కూర మడిచిచ్చే తినుబండారం. కడుపు మాడినవాళ్ళ నోట్లో అది కూడా తిండి పేరే!

అలా దాదాపు ఇరవై గంటల బొమ్మ వచ్చింది. దాన్ని ఎనిమిది నెలలకు పైగా కూర్చుని ఎనభై చిల్లర నిమిషాలకి కుదించారు. సన్నివేశాలన్నీ ఏరి పారేసినా, సామాన్లు సర్దడం, మార్ష్‌మెలోలు కొనడం మాత్రం తియ్యలేదు చూడండి. ఇరవై గంటల కేకల్లోంచి ఆ చిల్లర సరదాలని నిలబెట్టుకోవడంలోనే వాళ్ళ తెలివి తెలుస్తుంది. ఆ పిల్ల బజారులో నవ్వడం మనం చూశాం కాబట్టే, తర్వాత చీకట్లో ఆమె ఏడుపు మనింటి పిల్ల ఏడుపులా వినిపిస్తుంది.

ఇంతవరకూ ఏర్పాట్లలో లోపం ఎన్నలేం. విడుదలకి ముందు చేసిన ఏర్పాట్ల దగ్గరే నాకు మనసు చివుక్కుమంది.

1998లో ఇంటర్నెట్లో ఒక స్థలం తెరిచి, పోలీసు రిపోర్టులనీ అవనీ ఇవనీ పెట్టి ముగ్గురూ నిజంగానే మాయమయ్యారన్నట్టు చూపించారు. 1999 జనవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో 'కనబడుటలేదు' కాగితాలు పంచారు. ఆర్టిజన్ సంస్థ పది లక్షల డాలర్ల పైచిలుకు ఇచ్చి సినిమా కొనుక్కుంది. సినిమావాళ్ళ వివరాలుండే ఇంటర్నెట్ జాబితాలో కూడా ఆ ముగ్గురి పేర్ల పక్కన 'కనబడుటలేదు, మరణించి ఉండవచ్చు' అని రాసి ఉండేది. బతికున్న నటుల్ని జనం కంట పడకుండా ఉండమన్నారు. సినిమా విజయం సాధిస్తోంటే, నటించినవాళ్ళు దాక్కున్నారు!

హెదర్ తల్లికి ఓదార్పు కార్డులు రావడం మొదలయ్యాయి. మీ అమ్మాయి పోయినందుకు మా సానుభూతి, అని. అమ్మాయి నిక్షేపంలా ఉంది, తల్లికి తెలుసు. అయినా ఏ తల్లి ఆ కార్డు విప్పి ఊరికే పక్కన పెట్టగలదు? టపా వచ్చినప్పుడల్లా కూతురి చావు చదువుకోవాలి. స్క్రిప్టులోని ముప్ఫై అయిదు పేజీల్లో, ఆ చీటీల్లో, ఈ తల్లికి ఎవరూ చోటివ్వలేదు.

విచిత్రం చూడండి, సినిమాలో అందరికీ గుర్తుండిపోయే ఘట్టం తల్లుల గురించే. చివర్లో హెదర్ చీకట్లో కెమెరా తన ముఖానికే తిప్పుకుని, ముక్కూ కళ్ళూ కారుతుండగా, మైక్ తల్లికీ, జాష్ తల్లికీ, తన తల్లికీ క్షమాపణ చెప్పుకుంటుంది. ఈ ప్రాజెక్టు నాది, నేను పట్టుబట్టబట్టే ఇలా అయిందని ఏడుస్తుంది. ఆ మాటలు ఎవరూ రాసిచ్చినవి కావు. ఆ సినిమా పోస్టరు కూడా ఆ ముఖమే.

ఆ ముఖానికి లోకం ఇచ్చిన బహుమతి ఏమిటంటే, ఆ ఏడాది అతి చెడ్డ నటీమణి అని వెక్కిరింపుగా ఇచ్చే 'రాజీ' అవార్డు. దారి తప్పిన ముగ్గురిలో పెత్తనం చేసింది ఆడపిల్ల కదా, ప్రేక్షకుల కోపమంతా ఆ పిల్ల మీదికి తిరిగిందని నా అనుమానం. పాత్రకి వేరే పేరుంటే ఆ కోపం హాల్లోనే ఉండిపోయేది. ఇక్కడ అది ఆమె సొంత పేరు. ఆమె 2008లో నటన మానుకుంది. 2020లో పేరే మార్చుకుంది, ఇప్పుడు రే హాన్స్. తల్లిదండ్రులు పెట్టిన పేరుని సినిమాకి వదిలేసి వచ్చినట్టుంది నాకు.

మొదట 35 వేలకీ 60 వేల డాలర్లకీ మధ్య ఖర్చుతో తీసిన ఆ సినిమా ప్రపంచమంతటా దాదాపు 24 కోట్ల 80 లక్షల డాలర్లు వసూలు చేసింది. ఆ లాభాలతో పోలిస్తే ముగ్గురు నటులకి దక్కింది బహు స్వల్పం. 2024లో అదే పేరుతో మరో సినిమా తీస్తామని సినిమా హక్కులున్న లయన్స్‌గేట్ సంస్థ ప్రకటించింది. వెంటనే ముగ్గురూ కలిసి బహిరంగంగా ఒక లేఖ రాశారు. మాకు రావలసిన ప్రతిఫలం ఇప్పటికైనా ఇవ్వండి. ఇకమీదట మా పేర్లూ ముఖాలూ వాడదలిస్తే ముందు మమ్మల్ని అడగండి. ఈ రెండు కోరికలూ ఎవరైనా ఊహించగలిగినవే. మూడోది మాత్రం నేను రెండుసార్లు చదువుకున్నాను. తొలి సినిమా తియ్యబోయే కొత్తవాళ్ళెవరికైనా ఏటా 60 వేల డాలర్లు సాయం చెయ్యమని అడిగారు. అప్పుగా కాదు, ఉట్టినే ఇచ్చెయ్యాలట. ఆనాడు తాము కెమెరాలు పట్టుకుని, తిండి సర్దుకుని అడవిలోకి బయల్దేరిన సినిమాకి అయిన ఖర్చు అంతేనని!